నాలుగు పలకల కవచం, మూడు రకాల ఒళ్ళు: నా ప్రాజెక్టు డైరీ

జూన్ 7, శనివారం

పాత హార్డ్ డిస్కులో ఫొటోలు వెతుకుతుంటే మూడేళ్ల కిందట చేసిన కవచం దొరికింది. బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ కొత్తగా నేర్చుకునే రోజుల్లో స్కైరిమ్ అనే వీడియో గేమ్ కోసం చేసుకున్నది. చార్-ఆయినా అనే రకం. ఇరాన్‌లోనూ, మొఘలుల కాలంలో మన దేశంలోనూ వాడేవాళ్ళు. చార్ అంటే నాలుగు, ఆయినా అంటే అద్దం. ఇనుప గొలుసు చొక్కా మీద నాలుగు ఇనుప పలకలు పట్టీలతో కట్టుకుంటారు. ఛాతీకొకటి, వీపుకొకటి, పక్కలకి చెరొకటి. పక్క పలకలు చిన్నవిగా ఉంటాయి, చెయ్యి ఆడటానికి చంక కింద పైఅంచుని వంపుగా కోస్తారు. మంచుకొండల్లో డ్రాగన్లతో కొట్లాడే ఆటలో ఈ కవచానికేం పనీ అంటే, నాకు నచ్చింది. అంతే.

సంబరంగా ఆటలో వేసి చూశాను. నవ్వొచ్చింది. ఛాతీ పలకలోంచి చర్మం పొడుచుకొచ్చింది, నడుం దగ్గర మాత్రం చెయ్యి దూరేంత ఖాళీ. తప్పు కవచానిది కాదు. అప్పట్లో దాన్ని ఆటతో వచ్చిన అసలు ఆడ శరీరం మీద చేశాను. ఇప్పుడు నా ఆటలో ఆ శరీరం లేదు, సీబీబీఈ అనే మోడ్ శరీరం ఉంది, అంటే ఆటగాళ్ళు తయారుచేసి ఆటకి అదనంగా తగిలించినది. పైగా నార్డ్ అనే మనుషుల జాతికి చెందిన నా యోధురాలికి స్లైడర్లన్నీ తిప్పి వెడల్పు భుజాలు, లావు తొడలు పెట్టుకున్నాను. గోతాలు మోసే మనిషిలా ఉంటుంది.

సరే, మళ్ళీ మొదలుపెడదాం అనుకున్నా. మూడు ఒళ్ళకి సరిపోవాలి. ఒకటి ఈ సీబీబీఈ యోధురాలు. రెండు, ఆమె వెంట తిరిగే మగ తోడు. అతనికి హింబో అనే మగ శరీరం వేశాను, కండలు గట్టిగానే ఉంటాయి. మూడు, తమ్ముడు ఆడుకునే ఆర్గోనియన్, అంటే బల్లిమనిషి. తోక ఉంటుంది.

కొత్తవాళ్ళ కోసం ఒక మాట. స్కైరిమ్ 2011 నవంబరు 11న వచ్చింది, నేను వాడేది 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్. ఈ ఆటలో ఎత్తు తేడా మనకి సమస్య కాదు. నార్డులకి 1.03, హై ఎల్ఫులకి 1.08 అని ఎముకల గూడు మొత్తాన్నీ పెంచుతారు, దానితోపాటు కవచమూ పెరుగుతుంది. తంటా అంతా లావుతో, వెడల్పుతో, ఒంపులతోనే.

జూన్ 8, ఆదివారం

పనిముట్లు రెండు. బాడీస్లైడ్, దానితోపాటే వచ్చే ఔట్‌ఫిట్ స్టూడియో. బాడీస్లైడ్‌లో నడుం, ఛాతీ, తొడలు, చేతులు, ఒక్కోదానికీ ఒక్కో స్లైడర్ ఉంటుంది. మనం ఎంచుకున్న కొలతలతో శరీరాన్నీ, ఆ కొలతలకే బట్టల్నీ తయారుచేసి ఇస్తుంది. కానీ ఏ స్లైడర్‌కి కవచం ఎంత కదలాలో ముందుగా ఎవరో ఒకరు దానికి చెప్పాలి. ఆ చెప్పే చోటు ఔట్‌ఫిట్ స్టూడియో.

అందులో ముందు ఒక శరీరాన్ని రెఫరెన్సుగా ఎక్కించాలి. టైలర్ దగ్గరికి ఆది జాకెట్టు తీసుకెళ్ళినట్టు. దాని మీద మన కవచాన్ని పెట్టి, 'కన్ఫార్మ్' నొక్కితే శరీరం ఎక్కడెక్కడ ఎలా కదులుతుందో కవచం కూడా అలాగే కదలడం నేర్చుకుంటుంది. నా కవచం పాత శరీరానిది కాబట్టి ముందు పాతదాన్నించి సీబీబీఈకి మార్చే స్లైడర్ ఎక్కించి, కన్ఫార్మ్ చేసి, నూటికి తిప్పి, ఆ ఆకారాన్నే అసలుగా స్థిరపరిచి, తర్వాత రెఫరెన్సు మార్చాను. ఇదంతా అరగంట కూడా పట్టలేదు. ఇంత సులువా అని మురిసిపోయి బిల్డ్ కొట్టి ఆటలోకి వెళ్ళాను.

తల ఉంది. చేతులున్నాయి, మణికట్టు వరకే. పాదాలున్నాయి. మధ్యలో కవచం గాల్లో వేలాడుతోంది. పైచేతులు లేవు, మోకాళ్ళు లేవు.

పది నిమిషాలు బుర్ర గోక్కున్నాక గుర్తొచ్చింది. స్కైరిమ్‌లో ఒంటి మీదికి వేసేవాటి స్థానం నంబరు 32. ఆ స్థానంలో ఏదైనా తొడిగితే ఆట ఒట్టి శరీరాన్ని పూర్తిగా తీసేస్తుంది. కాబట్టి బయటికి కనపడాల్సిన చర్మం, అంటే మోచేతులూ మోకాళ్ళూ కూడా కవచం ఫైల్లోనే ఉండాలి. చేతుల స్థానం 33, పాదాలది 37, అవి విడి ఫైళ్ళు కాబట్టి మిగిలాయి. తల ఎటూ వేరే. నేనేమో రెఫరెన్సు శరీరాన్ని చెరిపేసి కవచం ఒక్కటే దాచుకున్నాను.

జూన్ 10, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చాక గంటన్నర.

శరీరాన్ని మళ్ళీ ఫైల్లో పెట్టాను. పెట్టగానే రెండో గొడవ, చొక్కా కింది చర్మం గొలుసుల్లోంచి పైకి తేలుతోంది. దీనికి అందరూ చేసే పని కవచం కింద కనపడని చర్మాన్ని కోసి పారేయడం. లేని చర్మం పొడుచుకురాదు కదా. నేనూ కోశాను. కాకపోతే చొక్కా చేతి అంచు దాకా సరిగ్గా కోసేశాను, దాంతో చెయ్యి పైకెత్తినప్పుడు ఆ గొట్టంలోకి చూస్తే లోపల డొల్ల. అంచు నుంచి రెండు మూడు వేళ్ళ లోపలి దాకా చర్మం వదిలి, అక్కణ్ణించి కోయాలి. రాత్రి పదకొండింటికి ఆపేశాను.

జూన్ 14, శనివారం

తెనాలి నుంచి పిన్ని వచ్చింది. పెళ్ళి చీరలు కొనే పని మీద వచ్చింది, వారం ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. నేను సిస్టమ్ ముందు కూర్చుని యోధురాలిని గిరగిరా తిప్పుతుంటే టీ గ్లాసుతో వెనక నిలబడి చూసింది.

"ఏమే, ఇది ఇనుప తొడుగన్నావు కదా?"

"అవును పిన్నీ."

"మరి ఒంటికి ఇట్టా అతుక్కుపోయిందేం? ఇది సిల్కు జాకెట్టులా ఉంది. ఇనుము ఇట్టా వంగుద్దా?"

వారం రోజులుగా చూస్తున్నా నా కంటికి ఆనలేదు. కన్ఫార్మ్ చేసినప్పుడు ఛాతీ పలకలోని ప్రతి చుక్కా (వెర్టెక్స్, అంటే ఆకారాన్ని నిలబెట్టే బిందువు) తనకి దగ్గరలో ఉన్న చర్మం చుక్కని పట్టుకుని దానివెంట వెళ్ళింది. ఫలితంగా పలక రొమ్ముల ఆకారంలోకి దిగిపోయింది, మధ్యలో లోయతో సహా. అంచున వరసగా పెట్టుకున్న రివెట్లు కోడిగుడ్లలా సాగాయి. నేను గంటలు గంటలు కూర్చుని గీసిన పువ్వు నగిషీ ఒక పక్క ఉబ్బి, ఒక పక్క నలిగి ఉంది. వెర్టెక్స్ జరిగితే దాని మీద పరిచిన బొమ్మ కూడా సాగుతుంది, అది మామూలే. గుడ్డ విషయంలో ఎవరూ పట్టించుకోరు, ఇనుము మీద మాత్రం వెంటనే దొరికిపోతుంది.

"నేను సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే చేశా" అన్నాను.

"అది ఆది జాకెట్టు చూసి కుట్టింది. అట్ట పెట్టి కుట్టాల్సింది గుడ్డతో కుట్టింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూన్ 15, ఆదివారం

పొద్దున్నుంచి రాత్రి దాకా ఇదే పని.

మొదట పలకలు నాలుగింటినీ చొక్కా నుంచి విడదీసి వేరే వేరే షేపులు చేశాను. ఇంతకాలం అన్నీ ఒకే మెష్‌గా, అంటే చుక్కలతో అల్లిన ఒకే వలగా ఉండటమే నేను చేసిన పెద్ద పొరపాటు. తర్వాత పలకల మీద కన్ఫార్మ్ వల్ల వచ్చిన మార్పులన్నీ తీసేసి, పాత ఫైల్లోంచి చదునైన పలకల్ని తెచ్చుకున్నాను.

చదును పలక ఒంపుల ఒంటి మీద ఎలా నిలవాలి? నిజం చార్-ఆయినాలో పలక ఒంటికి అతుక్కోదు. లోపల గొలుసు చొక్కా, దాని కింద దళసరి బట్ట, వాటి మీద పలక ఎత్తైన చోట ఆని నిలబడుతుంది. మిగతా చోట్ల వెనక ఖాళీయే. నేనూ అంతే చేశాను. బ్రష్ ముట్టుకోకుండా పలక మొత్తాన్ని ఒకేసారి ముందుకి జరిపి, ఛాతీలో అన్నిటికన్నా ముందుకొచ్చిన బిందువుకి కాస్త ఎడంగా ఆపాను. స్కైరిమ్ కొలతల్లో 128 యూనిట్లు ఆరు అడుగులు, అంటే ఒక యూనిట్ సుమారు 1.43 సెంటీమీటర్లు. ఎడం 0.3 యూనిట్ పెట్టాను, 4 మిల్లీమీటర్ల పైచిలుకు. అంతకన్నా తగ్గిస్తే మనిషి ఊపిరి పీల్చే యానిమేషన్‌కే గొలుసు పైకి తేలుతోంది. 0.6 పెడితే పక్కనించి చూసినప్పుడు ముందు పళ్ళెం కట్టుకున్నట్టుంది.

ఇక స్లైడర్లు. ఛాతీ స్లైడర్ పెరిగితే పలక వంగకూడదు, ముందుకి జరగాలి. నడుం స్లైడర్ తగ్గితే పక్క పలకలు లోపలికి రావాలి, ఉన్న ఆకారంతోనే. సీబీబీఈలో స్లైడర్లు డజన్లకొద్దీ ఉన్నాయి, ప్రతిదానికీ నాలుగు పలకల్ని చేత్తో జరపాలంటే ఈ జన్మలో అయ్యే పని కాదు. కనుక ఛాతీ, నడుం, పొట్ట, వీపు, భుజాలని నిజంగా మార్చే ఎనిమిదింటిని ఎంచుకున్నాను. వాటికి పలకల్ని చేత్తో జరిపి, మిగతావాటికి పలకలు కదలకుండా వదిలేశాను. చొక్కాకి మాత్రం అన్నిటికీ కన్ఫార్మే. అది గుడ్డలాంటిదే కాబట్టి సాగనీ.

ఇంకొక సంగతి. నార్మల్స్, అంటే వెలుగునీడల కోసం ఉపరితలం ఎక్కడ ఎటు తిరిగి ఉందో చెప్పే దిశలు, తిరిగి లెక్కించమంటే పలక అంచులన్నీ మెత్తబడి సబ్బుబిళ్ళలా అయ్యాయి. పలకలకి నార్మల్స్ లాక్ చేసే ఆప్షన్ ఉంది. అది పెట్టాక అంచులు మళ్ళీ పదునెక్కాయి. పలక వంగదు కనుక పాత నార్మల్సే చాలు.

జూన్ 18, బుధవారం

నిలబడి ఉన్నంతసేపూ కవచం బ్రహ్మాండంగా ఉంది. విల్లు ఎత్తగానే ఛాతీ పలక రబ్బరు చెప్పులా మెలితిరిగింది.

ఆకారం ఒక ఎత్తు, ఎముకల బరువులు ఇంకో ఎత్తు. ప్రతి చుక్కకీ అది ఏ ఎముక వెంట ఎంత వాటా కదలాలో రాసి ఉంటుంది. ఒక్కో చుక్కకి నాలుగు ఎముకల దాకా పెట్టవచ్చు. నేను శరీరం నుంచి బరువుల్ని కాపీ చేశాను. అందువల్ల పలకలో పైమూల చుక్కలు గూడ ఎముక వెంట, కిందివి నడుం ఎముక వెంట, మధ్యవి రొమ్ము ఎముకల వెంట పోతున్నాయి. ఒకే ఇనుప రేకుని నలుగురు నాలుగు వైపులకి లాగుతున్నట్టు.

ఛాతీ పలకలోని చుక్కలన్నిటికీ ఒకే ఎముక, స్పైన్ 2 అనే పైవెన్నెముక, దానికే నూటికి నూరు వాటా ఇచ్చాను. వీపు పలకకీ అదే. పక్క పలకలు కొంచెం కింద ఉంటాయి కాబట్టి వాటికి స్పైన్ 1. ఇది ఔట్‌ఫిట్ స్టూడియోలో బ్రష్‌తో చేస్తే అంచుల్లో ఒకటో రెండో చుక్కలు మిగిలిపోయి ముల్లులా బయటికి పొడుచుకొస్తున్నాయి. బ్లెండర్‌లో అన్నీ ఎంచుకుని ఒక్కసారే ఇచ్చేస్తే నిమిషం పని.

ఇప్పుడు పలక పలకలా కదులుతోంది. ముందుకి వంగినప్పుడు ఛాతీ పలక కింది అంచు పొట్టలోకి దిగుతోంది, అది నిజం కవచంలోనూ జరిగేదే కదా అని సర్దిచెప్పుకోబోయాను గానీ మరీ నాలుగు వేళ్ళు దిగుతోంది. కింది అంచు కొద్దిగా పైకి కోశాను. పక్క పలక, ఛాతీ పలక మధ్య ఎడం కూడా కొంచెం పెంచాను. వేర్వేరు ఎముకల మీద ఉన్నాయి కాబట్టి నడుం తిప్పినప్పుడు రెండూ ఒకదాన్నొకటి కోసుకోకుండా అక్కడ జాగా ఉండాలి. ఆ జాగాలో గొలుసు సాగుతుంది. చార్-ఆయినా కట్టినవాళ్ళు పలకల మధ్య సందులు ఎందుకు వదిలారో ఇప్పుడు అర్థమైంది. మూడేళ్ల కిందట బొమ్మ చూసి కాపీ కొట్టినప్పుడు ఆ సందులు అందానికనుకుని దగ్గరకి నొక్కేశాను!

పట్టీలు మాత్రం వంగాలి. అవి తోలువి. పట్టీకి ఒక కొసన ఛాతీ పలక ఎముక, ఇంకో కొసన పక్క పలక ఎముక, మధ్యలో రెండూ సగం సగం.

జూన్ 21, శనివారం

ఈ రోజు దెబ్బ గట్టిది.

మగ తోడు సంగతి తర్వాత చూద్దామని ముందు ఈ కవచాన్ని ఒక దొంగల ముఠా ఆడమనిషికి తొడిగి చూశాను. కవచం పేలిపోయింది. పేలడమంటే నిజంగా పేలడమే, పలకల మూలలు ఆకాశంలోకి, చొక్కా త్రికోణాలుగా చీలి నాలుగు దిక్కులకి. నా యోధురాలి మీద మాత్రం లక్షణంగా ఉంది.

రెండు గంటలు వేస్టయ్యాయి. కారణం ఇది. స్కైరిమ్‌లో ప్రతి మనిషికీ సున్నా నుంచి నూరు దాకా 'వెయిట్' ఉంటుంది. ప్రతి కవచానికీ రెండు ఫైళ్ళు, పేరు చివర _0 ఉన్నది బక్కమనిషికి, _1 ఉన్నది బొద్దుమనిషికి. వెయిట్ 50 అయితే ఆట ఈ రెంటి మధ్య దారిలో సగానికి ప్రతి చుక్కనీ తీసుకెళ్తుంది. అందుకని రెండు ఫైళ్ళలో చుక్కల సంఖ్య ఒకటే ఉండాలి, వరస కూడా ఒకటే ఉండాలి. ఒకదాంట్లో 512వ చుక్క చంకలో ఉండి, ఇంకోదాంట్లో 512వది వీపు మీదుంటే మధ్యలో ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. నా యోధురాలి వెయిట్ 100 కనుక ఆమెకి _1 ఒక్కటే అందింది, ఏ గొడవా కనపడలేదు.

నేను చేసిన వెధవ పని, బుధవారం బ్లెండర్‌లో బరువులు సరిచేసి ఆ ఫైలుని నేరుగా ఆట ఫోల్డర్‌లో _1 మీద పడేయడం. కింది అంచు కోసింది అందులోనే, కాబట్టి చుక్కల లెక్క మారిపోయింది. _0 మాత్రం బాడీస్లైడ్ పాతగా కట్టినదే ఉండిపోయింది. సరైన పద్ధతి ఏంటంటే, బ్లెండర్ నుంచి వచ్చిన మెష్‌ని మళ్ళీ ఔట్‌ఫిట్ స్టూడియో ప్రాజెక్టులోకి తెచ్చి, అక్కడ స్లైడర్లు అంటించి, బాడీస్లైడ్ చేత రెండు ఫైళ్ళూ ఒకేసారి కట్టించడం. ఒకే మెష్ నుంచి పుడతాయి కనుక వరస తప్పదు. దీని అర్థం ఎనిమిది స్లైడర్ల పని మళ్ళీ మొదటి నుంచి. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి ఒంటిగంటన్నరకి ముగించాను.

ఈ రోజు నుంచి ఒక నియమం. ఆట ఫోల్డర్‌లో ఏ ఫైలునీ చేత్తో ముట్టుకోను. ఏదైనా సరే ప్రాజెక్టులోంచి రావాల్సిందే. పరీక్ష కూడా వెయిట్ 0, 50, 100 మూడింటి దగ్గరా చేస్తాను, ముఖ్యంగా 50 దగ్గర.

జూన్ 22, ఆదివారం

ఇవాళ చొక్కా కింది భాగం, అంటే తొడల మీదికి దిగే గొలుసు అంచు సంగతి.

నడిచేటప్పుడు పర్వాలేదు. కుర్చీలో కూర్చోబెడితే చొక్కా అంచు కాస్తా పంట్లాం అయిపోతోంది. శరీరం నుంచి కాపీ అయిన బరువుల ప్రకారం కుడి సగం కుడి తొడకి, ఎడమ సగం ఎడమ తొడకి పోయింది. కాళ్ళు ఎడం జరిపితే మధ్యలో గుడ్డ గుండెల దాకా లాక్కుపోయి, గొలుసు బొమ్మలోని ఉంగరాలు నిమ్మకాయల్లా సాగుతున్నాయి. గొలుసుని ఆటల్లో నిజం ఉంగరాలతో చేయరు, పలచని గుడ్డ మీద ఉంగరాల బొమ్మ పరుస్తారు. అది ఒకరకంగా మంచిదే, ఉంగరం గుండ్రంగా లేదంటే అక్కడ మెష్ సాగుతోందని వెంటనే తెలుస్తుంది.

మధ్య భాగానికి తొడల వాటా తగ్గించి కటి ఎముకకి వాటా పెంచాను. కొంత నయం. కానీ ఇప్పుడు మోకాలు ఎత్తితే తొడ చొక్కాలోంచి దూసుకొస్తోంది. అటు లాగితే ఇటు, ఇటు లాగితే అటు.

పిన్ని ప్రయాణానికి సంచి సర్దుకుంటూ చూసింది. "అంత దిగువకి ఉన్నదానికి చీలిక లేకుండా ఎట్టా నడుస్తదే? చుడీదార్‌కైనా పక్కన చీలుస్తాం."

"పక్కన చీలిస్తే గుర్రం ఎక్కేటప్పుడు..." అని ఆగిపోయాను. గుర్రం మీద కాలు అటొకటి ఇటొకటి వేసి కూర్చునేవాడికి పక్క చీలిక ఎందుకు పనికొస్తుంది? ముందూ వెనకా ఉండాలి. గుర్రపు సైనికుల గొలుసు చొక్కాలకి ముందూ వెనకే చీలిక ఉంటుంది, అది చదివిన గుర్తు. ఆ సంగతి చెప్తే పిన్ని, "అట్టయితే అక్కడే చీల్చు, మధ్యలో గుడ్డ లాక్కుపోదు కూడా" అంది. జాకెట్లు కుట్టేవాళ్ళకి గుర్రాలతో పని లేకపోయినా, గుడ్డ ఎక్కడ బిగుస్తుందో అక్కడ విప్పాలన్నది వాళ్ళ చేతికి అలవాటే.

బ్లెండర్‌లో ముందూ వెనకా నడి గీత వెంబడి చీల్చాను. చీలిక అంచు కింద కనపడటానికి తొడ మీద ఒక దళసరి బట్ట పొర పెట్టాను. దానికి తొడ బరువులే, అది అంటుకుపోయినా ఇబ్బంది లేదు, బట్టే కాబట్టి. చీలికకి అటూ ఇటూ ఉన్న రెక్కలు ఇప్పుడు తమ తొడ వెంట తాము పోతున్నాయి. కుర్చీ, గుర్రం, వంగి నడక, అన్నీ చూశాను. వంగి నడిచేటప్పుడు వెనక రెక్క కొస కొంచెం పిక్కలో దిగుతోంది. దాన్ని వదిలేస్తున్నాను.

మెష్ మారింది, అంటే స్లైడర్ల పని మూడోసారి. ఈసారి ముందుగానే స్లైడర్లు అంటించకుండా ఆగాను. మగ ఒంటి పని కూడా అయ్యాక అన్నీ కలిపి ఒకేసారి.

జూన్ 28, శనివారం

హింబో. ఈ ఒంటికి మార్చే స్లైడర్ ఏదీ నా దగ్గర లేదు. ఆడ కవచాన్ని మగ ఒంటి మీద పెట్టి అంతా చేత్తో అమర్చుకోవాలి. భయపడ్డాను గానీ ఇది అన్నిటికన్నా తేలిగ్గా అయింది.

చొక్కాని బ్లెండర్‌లో ష్రింక్‌రాప్ పెట్టి కొంచెం ఎడంతో మగ ఒంటికి చుట్టాను, చంకల్లో ముడతల్ని స్మూత్ చేశాను. పలకల దగ్గరికొచ్చేసరికి మొదట చేయి అలవాటుగా స్కేల్ మీదికి పోయింది. 20 శాతం పెంచగానే రివెట్లు గుండీలంత అయ్యాయి, నగిషీ పెద్దదైపోయి పలక దగ్గర్నించి చూస్తున్నట్టు అనిపించింది. అండూ కొట్టి, పలకల్ని అదే సైజులో ఉంచి, పక్క పలకల్ని చెరో 1.5 యూనిట్లు, అంటే సుమారు 2 సెంటీమీటర్లు బయటికి జరిపాను. ఛాతీ పలకని ముందుకి, వీపు పలకని వెనక్కి. పట్టీల్ని పొడిగించాను. అంతే. సందుల్లో గొలుసు ఎక్కువ కనపడుతోంది, అదే కవచం పెద్ద మనిషి కట్టుకున్నట్టే ఉంది.

స్క్రీన్‌షాట్ చూసి తమ్ముడు "బకాసురుడికి పలక మెళ్ళో వేసినట్టుంది" అన్నాడు. వాడన్నదాంట్లో నిజముంది. ఛాతీ పలక ఒక్కదాన్నీ 6 శాతం పెంచాను. రివెట్ల తేడా కంటికి తెలియట్లేదు. వాడు మళ్ళీ ఏమీ అనలేదు కాబట్టి బాగున్నట్టే లెక్క.

మెడ దగ్గర ఒక చిన్న గీత, తలకీ ఒంటికీ మధ్య. ఒంటి చర్మాన్ని ముట్టుకోలేదని ఒట్టేసి చెప్పగలను గానీ, చొక్కా కాలర్ స్మూత్ చేస్తున్నప్పుడు బ్రష్ చర్మం మీద కూడా పడినట్టుంది. మెడ అంచు చుక్కలు ఆవగింజంత జరిగినా గీత పడుతుంది. అసలు శరీరాన్ని మళ్ళీ తెచ్చి, ముందు మెడ, మణికట్టు, చీలమండ అంచులకి బ్రష్ తగలకుండా మాస్క్ వేసి, తర్వాతే బ్రష్ ముట్టుకున్నాను. మొదటి రోజు చేయాల్సిన పని ఇది.

జూన్ 29, ఆదివారం

బల్లిమనిషి. దీనికి రెండు వారాలు పడుతుందనుకున్నాను. పొద్దున టిఫిన్‌కీ మధ్యాహ్నం భోజనానికీ మధ్యలో అయిపోయింది.

ఆర్గోనియన్‌కి మొండెం మామూలు మనుషులదే, చర్మం బొమ్మ వేరు. తల, చేతులు, పాదాలు, తోక మాత్రం వేరు. నేను టోపీ, బూట్లు చేయలేదు కాబట్టి వాటి బాధ లేదు. మిగిలింది తోక. అది చొక్కా వెనక భాగంలోంచి దూసుకొస్తుందని మొదటి నుంచీ బెంగ పెట్టుకుని, తోకకి విడిగా రంధ్రం చేసిన ఇంకో మెష్ కావాలేమో అనుకున్నాను. తీరా చూస్తే గుర్రం కోసం పెట్టిన వెనక చీలికలోంచి తోక దర్జాగా బయటికొచ్చింది. చీలికని రెండంగుళాలు పైకి పొడిగించాను, మనుషుల మీద ఆ తేడా కనపడదు. ఇంకో మెష్ అక్కర్లేదు. ఆటలోని వివరాల్ని మార్చే క్రియేషన్ కిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ కవచం ఆర్మర్ యాడాన్ రికార్డు తెరిచి, ఇది ఏయే జాతులకి వర్తిస్తుందో ఉన్న జాబితాలో ఆర్గోనియన్‌ని చేర్చాను. పిల్లిమనుషులు ఖజీట్లనీ చేర్చేశాను, వాళ్ళకీ తోకే కదా.

పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. బల్లికి జాకెట్టేంటే అని నవ్వింది, తర్వాత ఏదో జాకెట్టు చంక బిగిసిందని ఎవరో వచ్చారని పెట్టేసింది.

జూలై 5, శనివారం

ఆడ కవచానికి స్లైడర్లు మూడోసారి, ఆఖరిసారి అంటించాను. ఈసారి ఒక కాగితం మీద పట్టిక రాసుకున్నాను, ఏ స్లైడర్‌కి ఏ పలక ఎటు ఎన్ని యూనిట్లు. మొదటిసారి రోజంతా పట్టిన పని రెండున్నర గంటల్లో అయింది. ఆ కాగితం మొదటి రోజే రాసుకోవాల్సింది.

పరీక్షలు ఇలా చేశాను. ఆటకి ఆదేశాలు టైపు చేసే కన్సోల్‌లో టీఎఫ్‌సీ 1 కొడితే ఆట ఆగిపోయి కెమెరా ఎటైనా తిప్పుకోవచ్చు. విల్లు పూర్తిగా లాగినప్పుడు, రెండు చేతుల గొడ్డలి ఎత్తినప్పుడు, కూర్చున్నప్పుడు, గుర్రం మీద, వంగి నడిచేటప్పుడు, ఈదేటప్పుడు, ఒక్కోచోట ఆపి చుట్టూ చూశాను. వెయిట్ మూడు రకాలు, ఒళ్ళు మూడు రకాలు. గొడ్డలి ఎత్తినప్పుడు కుడి పక్క పలక పైఅంచు పైచేతికి తగులుతోంది. చంక వంపుని ఇంకొంచెం లోతుగా కోస్తే పోతుంది, కానీ కోస్తే మళ్ళీ చుక్కలు మారతాయి, మళ్ళీ స్లైడర్లు. చుక్కల్ని చెరపకుండా ఉన్నవాటినే కిందికి జరిపి వంపు లోతు పెంచాను. అక్కడ నగిషీ గీత కొద్దిగా నలిగింది. చంక కింద ఎవరు చూస్తారు?

ఫస్ట్ పర్సన్‌లోకి, అంటే పాత్ర కళ్ళతోనే చూసే పద్ధతిలోకి మారి చూస్తే చొక్కా చేతులు కనపడలేదు. దానికి విడిగా చేతుల వరకే ఉన్న ఇంకో మెష్ ఇవ్వాలి, మర్చేపోయాను. అసలు మెష్‌లోంచి చేతి భాగం తప్ప అంతా చెరిపి ఆ ఫైలు చేస్తున్నాను, మగకొకటి, ఆడకొకటి. ఇది రేపటికి.

తమ్ముడు బల్లిమనిషితో ఇప్పటికే ఆడేస్తున్నాడు. ఇందాక వచ్చి, ఆటలో ఓర్క్ జాతి స్నేహితుడు ఒకడున్నాడు, పొట్ట పెద్దది, వాడికి సరిపోతుందా అని అడిగాడు. పట్టీలు ఇంకో యూనిట్ పొడిగించి చూస్తానన్నాను.